ఏడో క్రేను చీటీ

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, మల్కాపురంలో మా పక్కింటి అక్క ఒక కంట్రాక్టరు యార్డులో కంప్యూటరు మీద పనిచేసేది. అక్కడ ఎనిమిది క్రేన్లుండేవి. ఏ క్రేను ఎంత బరువు ఎత్తొచ్చో రోజూ పొద్దున్నే చీటీలు అచ్చయ్యేవి. ఆ ప్రోగ్రాము అక్కే లిస్ప్ అనే భాషలో రాసింది. ఇప్పుడు ప్రోగ్రాములు రాసే మీరు ఫంక్షనల్ అంటుంటారే, ఆ బాపతే. ఒక్కో క్రేనుకి ఒక్కో ఫంక్షను, అంటే దాని లెక్క కట్టే ముక్క. పేరు, బరువు తప్ప ఎనిమిదీ ఒకేలా ఉండేవి.

గాలి ఎక్కువైతే బరువు తగ్గించాలని ఒక వానాకాలం కొత్త లెక్క వచ్చింది. అక్క అన్నిచోట్లా మార్చాననుకుని, కాగితాల మీద అచ్చు తీసి ఆదివారం నా చేతికిచ్చింది. నేను పైకి చదవాలి, తను సరిచూసుకోవాలి. ఐదు ఫంక్షన్లు చదివేసరికి విసుగొచ్చింది. వీధిలో పిల్లలు ఆడుతున్నారు. మిగతా మూడూ కాగితం చూడకుండా, అప్పటికి నోటికొచ్చేసిన వరుసలే అప్పజెప్పేసి పరిగెత్తాను. ఏడోదాంట్లో మార్చడం అక్క మరిచిపోయింది. నేను చదివుంటే దొరికేది.

ఆ వారమే గాలివాన. ఏడో క్రేను చీటీలో పాత బరువే వచ్చింది. ఇనుప దూలాలు ఊగి జారిపడ్డాయి. కింద ఉన్నది ఆ యార్డులోనే పనిచేసే మా బాబాయి. మోకాలి దగ్గర కుడికాలు తీసేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చి అక్కకి నిజం చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ఆ అచ్చు కాగితాలు తీసి ముందేసుకుంది.

"నువ్వు సదవలేదు, నిజివే. గానీ ఒకే ముక్క ఎనిమిదిసార్లు రాసింది నాను. అలా రాస్తే ఎవులి కళ్లయినా జారతాయి," అంది.

యజమానితో తప్పు తనదేనని చెప్పింది. నా పేరెత్తలేదు. నెలాఖరుకి మానేయమన్నారు.

మిగిలిన రోజుల్లో అక్క ఒక మాక్రో రాసింది. ఎనిమిదింటికీ ఒకటే మూస. పేరుకీ బరువుకీ ఖాళీలు వదిలింది. ఆ ఖాళీలు నింపితే చాలు, ఏ క్రేను ఫంక్షను ఆ క్రేనుకి యంత్రమే రాసుకుంటుంది. నాలుగు పేజీలు అరపేజీకి వచ్చాయి. ఆ అరపేజీ మళ్లీ నాకే ఇచ్చింది. నేను అందుకోకుండా వెనక్కి జరిగాను.

"ఏటే, బయవా? ఉండాల. ఇక్కడొక్క ముక్క తప్పు పోతే ఎనిమిదింటా పోద్ది. అందుకే దీన్ని ఎనిమిదిసార్లు సదువు."

వేలు పెట్టి చదివాను, గొంతు బొంగురుపోయేదాకా.

తప్పు కాగితాల్లో ఉందంటే బాబాయి మాత్రం నమ్మలేదు. బతికినన్నాళ్లూ ఆ క్రేను డ్రైవరునే తిట్టుకున్నారు. నేను చేసింది చెబుదామని వెళ్లి, టీ గ్లాసు చేతికిచ్చి వచ్చేసేదాన్ని. అలా వెళ్తుండగానే ఆయన పోయారు. ఆ డ్రైవరు ఎక్కడున్నాడో తెలియదు. ఆ మూడూ నేను చదవలేదన్న మాట, అక్క తర్వాత మీకే చెబుతున్నాను.