మా అక్క చేయని పని

మా అక్క నర్సు. ఇరవై రెండేళ్లుగా అదే చిన్న ఆసుపత్రిలో పని. పేగు మెడకు చుట్టుకున్న పిల్లల్ని ఎందరినో బతికించింది. ఒక్క పని మాత్రం చేయదు. కడుపు తీసేచోట పళ్లెం కూడా అందించదు. "నాకు చేతులు రావే," అంటుంది. కాదనడానికి నేనెవర్ని?

డాక్టరుగారు ఒట్టి మొహమాటస్థుడు. ఆ కేసులన్నీ గురువారానికి పెట్టి, ఆ ఒక్కరోజుకీ బయటినుంచి ఇంకో నర్సును పిలిపించేవారు. అక్కకు ఆ రోజు సెలవు. ఈ ఏర్పాటు ఏ కాగితం మీదా లేదు. అందరం మర్యాదగా నోరు మూసుకున్నాం. ఉన్నట్టుండి ఆ రెండో నర్సుకు బదిలీ అయింది. బదులు ఎవరూ రాలేదు.

సరిగ్గా అప్పుడే ఇటుకలు మోసే ఆవిడ కడుపు తీయించుకోవడానికి వచ్చింది. ముగ్గురు పిల్లలు, పైగా గుండెజబ్బు. ఇంకో కాన్పు తట్టుకోలేవని డాక్టరుగారే చెప్పారు. మూడో నెల దాటితే మా దగ్గర చేయరు. పెద్దాసుపత్రికి బస్సులో ఒక రోజు ప్రయాణం. చీటీలు రాసేది నేనే. "నర్సుకి ఒంట్లో బాగాలేదమ్మా, వచ్చే గురువారం రా," అన్నాను. నిజం చెప్తే అక్కను నలుగురూ ఆడిపోసుకుంటారని భయం, ఈలోగా కొత్త నర్సు రాకపోతుందా అని ఆశ. రెండో వారం అదే చెప్పాను. మూడో వారమూ అంతే. నా నోరు పడిపోను!

నాలుగో గురువారం డాక్టరుగారు పరీక్షచేసి, గడువు దాటిపోయిందన్నారు. ఆవిడ వచ్చి నా కిటికీ పక్క బల్లమీద కూలబడింది. ఇంటి తాళంచెవి కోసం అక్క అప్పుడే లోపలికి వచ్చింది.

ఆవిడ గబుక్కున లేచి నిలబడింది. "నర్సమ్మా, ఒళ్లు కుదుటపడిందా? నెలరోజులుగా మంచాన ఉన్నారంటగా?"

అక్క నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. అంతా అర్థమైపోయింది తనకు.

"నాకే జబ్బూ లేదమ్మా. ఆ పని చేయనన్నది నేనే," అంది.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ ముక్క మొదటి వారమే చెప్పుంటే, కాళ్లావేళ్లా పడైనా సెలవడిగి పెద్దాసుపత్రికి పోయేదాన్ని కదమ్మా!"

ఆ సాయంత్రమే అక్క ఆవిడను వెంటబెట్టుకుని బస్సెక్కింది. "అక్కడా ఇదే పని కదే, నువ్వుండగలవా?" అని అడిగాను.

"ఏమోనే. చేర్చుకునేదాకా మాత్రం చేయి వదలను," అంది. ఆలస్యమైనా అక్కడ చేస్తారో లేదో, ఆ గుండె తట్టుకుంటుందో లేదో తనకూ తెలియదు. మూడు రోజులైంది. ఇంతవరకూ ఫోను లేదు.