చెక్కుచెదరని టమాటా

గడ్డి బాబాయి ఒకసారి గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టపెట్టెలో సర్ది, మూడో అంతస్తు నుంచి కిందికి వదిలాడట. గ్లాసు పగల్లేదు సరే, చుక్క కూడా ఒలకలేదట. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు. వీధి మొదట్లో అది మూడో అంతస్తు. మలుపు తిరిగేసరికి అయిదోది. బజారు చేరేసరికి ఆ గ్లాసు ఏకంగా నీళ్ళ ట్యాంకు మీద నుంచి దూకేస్తుంది.

అది నిజమో కాదో గానీ, ఆయన గాజు సామాను గోదాములో ప్యాకింగు పని చేసే మాట నిజం. పొద్దస్తమానం ప్యాకింగు గడ్డిలో చేతులు పెట్టడం వల్ల జుట్టులో గడ్డి, జేబులో గడ్డి, చెవి వెనక గడ్డి. అందుకే ఆ పేరు. మనిషికి ఉన్న జబ్బు ఒక్కటే. పెట్టెలో పెట్టిందేదీ కదలకూడదు. గోదాములో ఉన్నంతసేపూ దాన్ని పనితనం అన్నారు. ఇంటికొచ్చి కూతురి లంచ్ బాక్సు సర్దడం మొదలెట్టాక వేరే మాట అన్నారు.

ఆ ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. కాబట్టి ఆయన చేతికి దొరికే సరుకంతా కూరగాయలూ పళ్ళే. ముందు అడుగున క్యాబేజీ ఆకు పరుస్తాడు, అది గడ్డి లెక్క. నాలుగు మూలలా ఉడికిన బంగాళాదుంప ముక్కలు. గోడలకి క్యారెట్టూ దోసకాయా నిలువుగా. మధ్యలో రెండు బ్రెడ్డు ముక్కలు పరుపుల్లా వేసి, వాటి మధ్య ఎర్రగా, పండుగా, ముట్టుకుంటే చితికిపోయే టమాటా ఒకటి కూర్చోబెడతాడు. ఆయన దృష్టిలో అది టమాటా కాదు, గాజు. పెరుగు పెట్టాల్సొస్తే క్యాప్సికం తొలిచి అందులో పోసి, క్యారెట్ ముక్క బిరడాలా బిగిస్తాడు. బీట్‌రూట్‌కి మాత్రం ఆ బాక్సులో ప్రవేశం లేదు.

"దానికి బుద్ధి లేదే. పక్కవాళ్ళందరికీ రంగు పూస్తుంది," అంటాడు.

"ఏమండీ, అది పిల్ల తిండి. ఓడలోకి ఎక్కించే సరుకు కాదు," అంటుంది భార్య.

"ముందు సందులు పూడాలి. ఆకలి సంగతి తర్వాత."

"ఆకలి సంగతి చూడ్డానికే కదండీ బాక్సు."

ఆయన వినడు. ఎలా వింటాడు, అప్పటికే కళ్ళు మూసుకుని బాక్సు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంటే. "మాట్లాడుతోంది," అని మళ్ళీ మూత తీసి, సందుల్లో బఠాణీలు, వేయించిన వేరుశెనగ గింజలు, చివరికి రెండు ద్రాక్షలు దూరుస్తాడు. మళ్ళీ ఊపుతాడు. నోరు మూసుకుందని నమ్మకం కుదిరాక బయటికి తీసుకెళ్ళి మేడ మెట్ల మీద నుంచి వదిలేస్తాడు.

ధన్ ధన్ ధన్ మంటూ అది కిందికి దొర్లుతుంటే, కింద కొట్లో టైలరు మిషను ఆపి భార్యకి కేకేస్తాడు. "బాబాయి బాక్సు దిగింది. పిల్లల్ని లేపు."

టమాటా చెక్కుచెదరలేదని చూసుకున్నాక, ఆయన మూత మీద గోదాము నుంచి తెచ్చిన స్టిక్కరు అంటిస్తాడు. పగిలిన గ్లాసు బొమ్మ, పైకి చూపే బాణం. అక్కడితో ఆయన పని అయిపోతుంది. కూతురి అవమానం మొదలవుతుంది.

బడిలో మిగతా పిల్లల బాక్సులు మూత తీస్తే తెరుచుకుంటాయి. ఈ పిల్లది తెరవడానికి పద్ధతి ఉంది. ముందు ద్రాక్షలు పీకాలి, తర్వాత బఠాణీలు, ఆ తర్వాత దోసకాయ. తొందరపడి ముందే బంగాళాదుంప లాగితే లోపలున్నదంతా ఒళ్ళోకి ఎగురుతుంది. అందుకని మధ్యాహ్నం గంట కొట్టగానే బెంచీ చుట్టూ జనం.

"ఏమే, ఇవాళ టీకప్పులా, ప్లేట్లా?"

"అడుగున గడ్డి కూడా పెట్టాడేమో చూడవే. మీ నాన్న కదా."

పిల్లకి చెవులు కాలిపోయేవి. ఒకరోజు ఉక్రోషం పట్టలేక అనేసింది. "మా నాన్న సర్దడు. వాళ్ళ కంపెనీలో పెద్ద మిషను ఉంది. అది సర్దుతుంది."

"మిషనా? ఎలా ఉంటుంది?"

"చాలా ఎత్తు ఉంటుంది. బాక్సు ఊపి, కళ్ళు మూసుకుని వింటుంది."

"మిషనుకి కళ్ళుంటాయా?"

"కొత్త రకం," అంది పిల్ల.

ఆ రోజు నుంచి ఆమెకి కాస్త గౌరవం దక్కింది. ఆ గౌరవం మీదికే వచ్చి పడింది టీచరమ్మ మాట. "సగం మంది బాక్సులు నిండుగా వెనక్కి పోతున్నాయి. కూరగాయలు మాత్రమే తినే పిల్లలకి ఏం పెట్టాలో తెలియడం లేదని అమ్మలు గోల. నీ బాక్సు మాత్రం రోజూ ఖాళీ. శనివారం తల్లిదండ్రుల మీటింగులో మీ నాన్నని వచ్చి సర్ది చూపించమను."

పిల్ల లెక్క వేసుకుంది. నాన్న వస్తే మిషను పోతుంది. మిషను పోతే తను మళ్ళీ గడ్డి బాబాయి కూతురు.

"మా నాన్న ఊళ్ళో లేడు టీచర్."

"ఎక్కడికెళ్ళారు?"

"ఓడ దగ్గరికి."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున ఎంత తొందరగా బడికి పారిపోయిందంటే, బాక్సు వంటింటి గట్టు మీదే మర్చిపోయింది. ఆ సంగతి, మీటింగు సగంలో ఉండగా, బడి మెట్లెక్కి రొప్పుతూ వస్తున్న నాన్నని చూశాక గానీ గుర్తు రాలేదు. తల మీద గడ్డి, చంకలో బాక్సు.

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "రండి రండి. ఊరి నుంచి ఎప్పుడొచ్చారు?"

గడ్డి బాబాయి టీచరమ్మని చూశాడు. తలుపు వెనక్కి నక్కుతున్న కూతుర్ని చూశాడు.

"ఇప్పుడే దిగానండీ. బస్సులో గడ్డి మోపు పక్కన సీటు దొరికింది," అన్నాడు తల దులుపుకుంటూ.

పిల్ల అక్కడికక్కడే నేలలోకి ఇంకిపోతే బాగుండునని చూసింది. నేల ఒప్పుకోలేదు.

సర్ది చూపించమని టీచరమ్మ అడిగాక ఇక ఆయన్ని ఆపేదెవరు. బల్ల మీద బాక్సు బోర్లించి, అందరి ముందూ మళ్ళీ సర్దాడు. మూలలు, గోడలు, పరుపులు, మధ్యలో గాజు. కళ్ళు మూసుకుని విన్నాడు. తల్లిదండ్రులు ముసిముసిగా నవ్వారు. క్లాసు పిల్లలు కిటికీలోంచి, "అదేనే మిషను," అని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ఆఖర్న ఆయన బాక్సు మెట్ల మీద నుంచి వదిలి చూపిస్తానని బయల్దేరబోతుంటే కళ్ళద్దాల తండ్రి ఒకాయన అడ్డుపడ్డాడు.

"అంతా బానే ఉంది గానీ, దీన్ని పడెయ్యడం ఎందుకండీ? అన్నం బాక్సు ఎవరు పడేస్తారు?"

తలుపు వెనక పిల్ల పక్కనే చీపురు పట్టుకుని బడి ఆయమ్మ నిలబడి ఉంది. ఆవిడ పిల్లని మోచేత్తో పొడిచింది. "చెప్పవేం?"

"నేనేం చెప్పాలి?"

"ఇంకెవరే పడేసేది? బళ్ళో చేరిన రోజునే ఈ మెట్ల మీద బాక్సు జార్చేశావు. టమాటా అన్నం మెట్లన్నీ పాకింది. బడంతా నవ్వింది. అన్నం పెడితే ఏడ్చావు తప్ప తినలేదు. సాయంత్రం మీ నాన్నొచ్చి, ఏ మెట్టు మీద నుంచి పడిందో చూపించమన్నాడు. చూసి, వంగి, ఆ మెట్టుని తడిమి మరీ వెళ్ళాడు."

"అది చిన్నప్పుడు. ఆ తర్వాత నేనెప్పుడూ పడెయ్యలేదు."

"నిన్న కూడా పడేశావే తల్లీ."

పిల్లకి గుర్తొచ్చింది. నిజమే. నిన్న జారింది. మొన్న కూడానేమో. జారితే వంగి తీసుకోవడం, దులుపుకోవడం, వెళ్ళి తినడం. ఏదీ ఒలకలేదు గనక పడ్డట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అవతల నాన్న కళ్ళద్దాలాయనకి జవాబు చెబుతున్నాడు. "నేనేనండీ పడేసేది. నా చేతులు మంచివి కావు. ఏది పట్టుకున్నా జారిపోతుంది."

హాలంతా గొల్లుమంది. "మరి గాజు సామాను నీ చేతికెలా ఇస్తున్నారయ్యా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. అలా అన్నాయన చుట్టానిదే నాన్న పనిచేసే గోదాము. నాన్న చేతుల మీదుగా ఇంతవరకూ ఒక్క సాసరు పగల్లేదని వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాన్న మాత్రం తల గోక్కుంటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే పిల్లకి సిగ్గేసింది. ఈసారి నాన్నని చూసి కాదు.

గబగబా వెళ్ళి ఆయన చేతిలోంచి బాక్సు లాక్కుంది. "మా నాన్న కాదు. నేనే పడేస్తాను. రోజూ పడేస్తాను. మిషనూ లేదు, ఓడా లేదు. మా నాన్నే సర్దుతాడు."

అంతవరకూ గంభీరంగానే చెప్పింది. చెప్పి, ఆ బాక్సు తనే మెట్ల మీద నుంచి వదిలి చూపిద్దామని గుమ్మం దాకా వెళ్ళింది. వదిలేదాకా ఆగలేదు. గుమ్మం తగిలి కాలు మెలిక పడింది, బాక్సు దానంతటదే ఎగిరింది. ధన్ ధన్ ధన్. పైనుంచి కింది దాకా, అడుగున పూలకుండీకి గుద్దుకుని, ఒక పల్టీ కొట్టి ఆగింది.

అందరూ మెట్లు దిగి చుట్టూ మూగారు. ఆయమ్మ మూత తీసింది. టమాటా నిద్రలేచినట్టు ఎర్రగా చూసింది, అంతే.

"బంగాళాదుంప ఉప్పు వేసి ఉడకబెట్టాలా అండీ?" అని కళ్ళద్దాలాయన బుద్ధిగా అడిగాడు. ఒకావిడ పెరుగు బిరడా సంగతి మళ్ళీ చెప్పమంది. గాజు సామాను ఎగతాళి ఎవరూ ఎత్తలేదు.

ఇంటికెళ్ళే దారిలో బాక్సు పిల్లే పట్టుకుంది. రెండు చేతులతో.

"నాన్నా, ఆయమ్మ చెప్పింది నిజమేనా?"

"ఏం చెప్పింది?"

"నా కోసమే మెట్ల మీద నుంచి పడేస్తున్నావంట."

"ఆవిడకి పని లేదు. ఆ చప్పుడు వింటే గానీ టైలరు నిద్ర లేవడు. వాడి కోసం."

"వచ్చి మెట్టు తడిమావంట."

"చెప్పు తెగింది, వంగాను."

"మరి మూడో అంతస్తు నుంచి నీళ్ళ గ్లాసు?"

"అదీ అబద్ధమే," అన్నాడు గడ్డి బాబాయి, చెవి వెనక గడ్డిపోచ తీసి పారేస్తూ. "ఊళ్ళోవాళ్ళకి నోరుంది, ఏదైనా అంటారు. నేనసలు ఆ మేడే ఎక్కలేదు. అయినా అవి నీళ్ళు కావు, పాలు."