కుట్టు లోపలి గుడ్డ

విదేశంలో మేమున్న కాపెల్ ఊళ్లో మా పక్కింటావిడ పిల్లలకు బ్యాలే గౌన్లు కుట్టేది. మోకాలి కిందికి గంటలా దిగే తెల్లటి నెట్ గౌన్లు. ఇంచుమించు రెండు వందల ఏళ్ల కిందట, స్టేజీ మీద గ్యాసు దీపాలు వెలిగే రోజుల్లో, నాట్యకత్తెలు బరువులేని ఆత్మల్లా కనిపించాలని పుట్టిన పద్ధతి అది. ఏ పొరకు ఎంత నెట్ కావాలో లెక్కగట్టి ఇచ్చేది నేను.

నా లెక్క ఎలా ఉన్నా, ఆవిడ పైభాగపు శాటిన్‌లో మాత్రం జాకెట్లకు వదిలినట్టే కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదిలేది. "పెరిగే పిల్లలు అన్నయ్యగారూ, వచ్చే ఏడు విప్పుకోవచ్చు" అనేది.

షోకి ముందురోజు మా అమ్మాయి గౌను తెచ్చుకుందామని వెళ్లాను. వాళ్లమ్మాయి తన గౌను తొడుక్కుని నిలబడి ఉంది.

"అమ్మా, లోపల గుచ్చుకుంటోంది. ఆ ఎక్స్‌ట్రా క్లాత్ కట్ చెయ్యి."

"ఓర్చుకో. నెక్స్ట్ ఇయర్ మళ్లీ కొత్తది కుట్టే ఓపిక నాకు లేదు."

"నెక్స్ట్ ఇయర్ నేను డాన్స్ చెయ్యనని చెప్పాను కదా!"

ఆవిడ నావైపు చూసి నవ్వింది. "ప్రతి షోకీ ఇదే పాట."

"ఈసారి సీరియస్ అమ్మా. ఐ యామ్ టైర్డ్."

ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. ఆఫీసు పని ముగించుకుని వచ్చి మిషన్ ముందు కూర్చునే మనిషి. అలసట అన్న మాట ఆవిడకు కొత్త కాదు. గౌను విప్పించి, తిరగేసి, కుట్టు వెంట మిగులు గుడ్డను నెమ్మదిగా కత్తిరించింది. ముక్కలు ఒళ్లో పడ్డాయి.

తర్వాత మిషన్ పక్కనున్న మా అమ్మాయి గౌను తీసి నాకిచ్చింది. "వచ్చే ఏడు చేస్తుందో లేదో మీ అమ్మాయిని కూడా ఒకసారి అడగండి అన్నయ్యగారూ."

అమ్మాయిని అడగడానికి నేను ఫోను తియ్యలేదు. లోపలి గుడ్డ అలాగే ఉండగా గౌను మడిచి సంచిలో పెట్టుకున్నాను.