కాలర్లక్క అప్పగించిన మొక్క

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెను లైనంతా కాలర్లక్క అనేది. కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరే ముందు తన కిటికీలోని మొక్కను తెచ్చి, పక్క మిషన్ మీద జేబులు కుట్టే చెల్లెలి చేతిలో పెట్టింది. ఒకే కాడ చుట్టూ దళసరి ఆకులున్న, ఎడారి జాతి సక్యులెంట్ మొక్క అది.

"నేనొచ్చేదాకా దీన్ని బతికించు, చాలు" అంది. సొంత చెల్లెలు కాదు, పక్కపక్కన కూర్చుని కలిసిన వరస.

వాళ్ళు కుట్టే హాల్లో పని ముగిసేదాకా ఎవరూ నీళ్ళు తాగరు. తాగొద్దని ఏ బోర్డూ లేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే చెక్కబిళ్ళ చేతిలో ఉండాలి, లైనంతటికీ ఉన్నది ఒకే బిళ్ళ. మనుషుల్ని ఎండబెట్టడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

ఇల్లు చేరగానే చెల్లెలు చెప్పులు కూడా విప్పకుండా చెంబెడు నీళ్ళు గటగటా తాగేది. చెంబులో మిగిలినవి కుండీలో పోసేది. తనకే ఇంత దాహమైతే, తాళం వేసిన గదిలో పగలంతా పడున్న దాని గతేమిటి?

"నాకు టీ ఇవ్వడం మర్చిపోతావు, దానికి మాత్రం రాచమర్యాదలు" అనేవాడు భర్త.

"నోరున్నవాళ్ళు అడుక్కుంటారు. దానికి లేదు కదా."

ఆకులు పసుపురంగుకు తిరిగి, నీరుబట్టి, ముట్టుకుంటే రాలసాగాయి. చాలట్లేదేమోనని ఇంకాస్త పోసింది. ఒక సాయంత్రం మొక్క పక్కకు ఒరిగిపోయింది. భర్త లేవనెత్తి చూస్తే కాడ మొదలంతా నల్లగా కుళ్ళి ఉంది.

"ఇది దాహంతో కాదే, మునిగి చస్తోంది" అన్నాడు.

కాలర్లక్క ఇంటికొచ్చిందని తెలిసి, ఆ మొక్కను కాగితంలో చుట్టుకుని వెళ్ళింది.

"చంపేశానక్కా."

మంచం మీదున్న అక్క ముఖం ఉబ్బి ఉంది. మొక్కను తిప్పి చూసింది. "పైన గట్టిగానే ఉంది. కుళ్ళిందంతా కోసేసి, కోత ఆరాక పొడిమట్టిలో గుచ్చు. వేళ్ళొచ్చేదాకా నీళ్ళ జోలికి పోకు. అసలు రోజూ ఎందుకు పోశావే?"

"నాకు దాహమేసేది."

అక్క ఒక ఆకును వేళ్ళతో నొక్కి చూపించింది.

"దానికి ఆకుల్లోనే ట్యాంకుంది. మనకెక్కడుందే? ఇన్నేళ్ళు నీళ్ళెందుకు తాగలేదని డాక్టరు నన్ను కోప్పడ్డాడు. బిళ్ళ దొరకలేదని చెప్పనా ఆయనకి?" మొక్కను తిరిగి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "నీ దగ్గరే ఉంచుకో. నేనిక ఆ హాలుకు రాలేను. నువ్వు మాత్రం తాగు."

మర్నాడు చెల్లెలు సీసా పక్కన పెట్టుకుని పనిలో కూర్చుంది. తాగింది. మధ్యాహ్నం కాకముందే లేచింది.

"బిళ్ళ ఇంకొకరు పట్టుకెళ్ళారు, కూర్చో" అన్నాడు సూపర్‌వైజర్.

"వచ్చి కూర్చుంటాను."

"అందరూ నీలాగే లేస్తే?"

"లేస్తే బాగుండు సార్."

ఎవరూ లేవలేదు. మిషన్ల చప్పుడు మధ్యలోంచి ఒక్కతే నడిచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కుట్టాల్సిన జేబులు గుట్టపడి ఉన్నాయి. నడుము పట్టుకుని కూర్చుని, సీసాలో మిగిలిన నీళ్ళు తాగేసి, మిషన్ నడిపింది.