కాళ్ళ కింద మంచినీళ్ళు

1974లో నేను ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో పనిచేసేదాన్ని. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు లారీకి ఇంజను, చక్రాలు, వాటి మీద ఇనప చట్రం, అంతే ఉంటాయి. దాన్ని ఛాసిస్ అంటారు. దాని మీద టేకు చెక్క, రేకు వేసి క్యాబిన్, వెనక తొట్టి కట్టడం మా షెడ్డు పని. నా పని ఫోను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రిసీవరు నా చెవికీ భుజానికీ మధ్యే ఉండేది. గవర్నర్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని, నోరు కొంచెం ఎక్కువే. షెడ్డులో అందరూ నన్ను ఫోనమ్మాయి అనేవారు.

ఆ ఏడాది దసరా వెళ్ళాక చల్లపల్లి నుంచి దానియేలు మాస్టారు వచ్చారు. మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. బందరు రేవు నుంచి అండమాన్ దాకా ఒక్కరే తెడ్లు వేసుకుంటూ వెళతారట. ఇంజను వద్దు, తెరచాప వద్దు.

"పడవలు కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి మాస్టారూ. ఇక్కడ లారీలు కడతారు," అన్నాను.

"వెళ్ళానమ్మా. నేను గీసిన బొమ్మ చూసి, ఇది పడవ కాదు, మూత ఉన్న పెట్టె అన్నారు. పెట్టెలు మీకంటే బాగా ఎవరు కడతారు?"

మా ఓనరుగారికి పొగడ్తంటే ప్రాణం. అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. పొద్దున్నే బడి ఆఫీసు నుంచి మాస్టారి ట్రంక్ కాల్. వేరే ఊరికి మాట్లాడాలంటే ఎక్స్చేంజిలో బుక్ చేసి కూర్చోవాలి, లైను కలిస్తే మూడు నిమిషాలు ఇస్తారు. ఆ మూడు నిమిషాలూ ఆయనది ఒకటే పాట. "పడవకి అడుగు చెక్క వేశారా అమ్మాయ్? ఫిబ్రవరి దాటితే గాలి మారిపోద్ది తల్లీ." సాయంత్రం ఆయన భార్య రూతమ్మగారు. ఆవిడ నర్సు, ఆసుపత్రి నుంచి చేసేవారు.

"ఏమ్మా, ఆ పడవ కాస్త ఆలస్యం చేయలేవా? మార్చి దాకా లాగితే చాలు, ఈ ఏడాదికి గండం గడుస్తుంది."

"పొద్దున మీ ఆయన తొందర పెడతారు, సాయంత్రం మీరు ఆపమంటారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదండీ. అక్కడ మాట్లాడుకోకూడదా?"

"ఆయన వినే మనిషైతే నీకెందుకు ఫోను చేస్తానమ్మా," అనేవారు. నేను విసురుగా రిసీవరు పెట్టేసేదాన్ని.

రేవు ఆఫీసు వాళ్ళు అనుమతికి ఒక షరతు పెట్టారు. ప్రయాణంలో ఉండే సామానంతా పెట్టి, మనిషిని లోపల కూర్చోబెట్టి పడవను తిరగేస్తారు. అది తనంతట తానే లేవాలి. లేవాలంటే బరువంతా అడుగున ఉండాలి. ఆ బరువును బలాస్ట్ అంటారు. మాస్టారి బొమ్మలో బలాస్ట్ అంటే తాగే నీళ్ళ డబ్బాలే. కూర్చునే చెక్క కింద అరల్లో పెట్టాలి. తాగి ఖాళీ చేసిన డబ్బాలో సముద్రపు నీళ్ళు నింపి మళ్ళీ అక్కడే పెట్టాలి.

జనవరిలో పడవను లారీ మీద ఎక్కించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో దించాం. రేవు ఆఫీసరు వచ్చారు. రూతమ్మగారూ వచ్చారు. "నీళ్ళు సర్దారా?" అని మాస్టారు అడిగితే, పడవ కట్టిన మా వీరాచారి మేస్త్రి "అన్నీ సర్దామండీ" అన్నాడు. మాస్టారు లోపల కూర్చున్నారు. తాళ్ళు కట్టి పడవను తిరగేశారు.

అది లేవలేదు. బోర్లాపడి అలాగే ఉండిపోయింది. కాసేపటికి మాస్టారు పడవ కింద నుంచి తల బయట పెట్టి, దగ్గుతూ ఒడ్డుకి ఈదుకొచ్చారు.

"గాలి మారేలోపు ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే వచ్చే ఏడాది కనపడండి," అని ఆఫీసరు జీపెక్కారు.

పడవను ఒడ్డుకి లాగి చూస్తే అడుగు అరలు ఖాళీ. నీళ్ళ డబ్బాలు, బియ్యం, అటుకులు అన్నీ పైన అటక మీద. బొమ్మలో అసలు అటకే లేదు. మాస్టారు దాన్ని ముందే చూసి, పక్క బట్టలకు కాబోలు అనుకున్నారట.

"ఎవరు పెట్టమన్నారు పైన?" అన్నాను వీరాచారితో.

"తాగే నీళ్ళు, తినే గింజలు కాళ్ళ కింద ఎట్టా పెడతామండీ అమ్మాయిగారూ? ఆయన వాటిని తొక్కుతా కూర్చోవాలా? బొమ్మ గీసినాయన తొందర్లో పొరపాటు పడ్డారనుకున్నా. అందుకే అటక కొట్టా."

"మనిషి మునిగిపోయేవాడు."

"మునిగినా సరే, మంచినీళ్ళు తొక్కే పడవ నా చేత్తో కట్టను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఇంట్లో బావి ఎక్కడుంది మేస్త్రిగారూ? నెత్తి మీద ఉందా?"

"బావి సంగతి వేరండీ. బావికి గట్టు ఉంటది. గట్టు దాటి ఎవరు కాలు పెడతారు?" అన్నాడు. తర్వాత నావైపు చూడటం మానేసి పడవ వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "గట్టు కడితే పెట్టొచ్చు," అన్నాడు తనలో తనే.

నేను ఇంకా అరవబోతుంటే రూతమ్మగారు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. "పడవ లేవకపోయేసరికి దేవుడు నా ప్రార్థన విన్నాడనుకున్నానమ్మా. ఆయన నీళ్ళ కింద ఉన్నంతసేపూ ఇంకో ప్రార్థన చేశాను. ఈయన ఎలాగూ ఆగడు. ఆ పడవ లేచేట్టు చేయించు." ఆ తర్వాత ఆవిడ ఆలస్యం చేయమని ఎప్పుడూ అడగలేదు.

వీరాచారి అటక పీకేశాడు. డబ్బాలు అడుగుకి దించి, ఆ అరల నోటి చుట్టూ జానెడు ఎత్తు టేకు గట్టు కట్టి, మూత బిగించి, మూతకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. మాస్టారు ఏమంటారోనని నేను గుడ్డ తీసుకుని తుడవబోయాను. "ఉండనీ అమ్మాయ్. ఆ గట్టు వల్ల అరల్లోకి ఉప్పునీళ్ళు దిగవు. నాకే తోచలేదు," అన్నారు. బొట్టు గురించి మాటే ఎత్తలేదు.

రెండోసారి తిరగేసినప్పుడు పడవ ఒక్క క్షణం బోర్లా ఆగి, పక్కకు ఒరిగి, నీళ్ళు కారుస్తూ లేచి నిలబడింది. లోపల మాస్టారు నవ్వుతున్నారు.

అనుమతి దొరికింది. ఫిబ్రవరిలో ఆయన బందరు రేవు నుంచి బయల్దేరారు. వేసవి మొదట్లో రూతమ్మగారి ట్రంక్ కాల్ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో దిగానని టెలిగ్రాం ఇచ్చారట. ఆ ఒక్క మాట చెప్పి ఆవిడ ఏడవడం మొదలుపెట్టారు. మూడు నిమిషాలు అయిపోయాయని ఆపరేటరు మధ్యలో వస్తే, "ఇంకో మూడు ఇవ్వండి" అని కసిరాను.

ఇప్పుడు మేస్త్రిలకు పని అప్పగించేది నేనే. కొత్త పని వచ్చినప్పుడు బొమ్మ అర్థమైందా అని అడగను. అందరూ అయిందనే అంటారు. ఇందులో ఎక్కడ మీకు మనసొప్పడం లేదు అని అడుగుతాను. వాళ్ళు చూపించిన చోట కూర్చుని తేల్చుకుంటాం. అరుపులు అప్పుడూ తప్పవు, కాకపోతే పని మొదలుపెట్టక ముందే అయిపోతాయి.