స్పిరిట్ దూదితో తుడిచిన నొప్పి

డాక్టరు నా చేతిలోని పలక అందుకున్నాడు. చదువుతాడనుకున్నాను. బల్ల మీద ఉన్న సీసాలో దూది ముంచి, పై నుంచి కింది దాకా రెండుసార్లు తుడిచాడు. స్పిరిట్ ఆరేదాకా ఆగి, నా జేబులోని బలపం తీసుకుని ఇంగ్లీషులో రెండు మాటలు రాశాడు: “నిల్. ఇమాజినరీ.” కింద పొడి సంతకం.

“ఇదే నీ మందు చీటీ. ఇంటికి తీసుకుపోయి గోడకు తగిలించుకో” అన్నాడు.

కాంపౌండరు నవ్వాడు. ఆరు వారాలుగా రాసుకున్న నా నొప్పి ఆ దూదిలోకి పోయింది.

నేను మార్కాపురం నుంచి మద్రాసు దినపత్రిక ఒకదానికి వార్తలు పంపేవాణ్ణి. మా నాయనకు పలకల కార్ఖానా ఉండేది. ఒక వేసవి రోజున పెద్దారవీడు వెళ్ళి పశువుల జబ్బు గురించి వివరాలు రాసుకుని, సైకిలు మీద తిరిగి వస్తున్నాను. సగం దారిలో ఎడమవైపు వృషణంలో ఒక బరువు మొదలైంది. చిన్న రాయి దారానికి కట్టి వేలాడదీసినట్టు ఉంది. దిగి నడిస్తే ఇంకా లాగింది. పడుకుంటే తగ్గింది.

“వరిబీజం రా. మీ తాతకూ ఉండె. లంగోటా బిగించి కట్టుకో, పోతాది” అన్నాడు నాయన.

రెండు నెలలు బిగించి కట్టాను. పోలేదు. రైలెక్కి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. దాని పేరు, అక్కడి డాక్టరు పేరు రాయడం లేదు. నాకు నొప్పి కలిగింది ఆ పేర్ల వల్ల కాదు, ఆ మాటల వల్ల.

ఆయన నన్ను నిలబెట్టి, దగ్గమని, చేత్తో చూశాడు. “వేరికోసీల్. సిరలు ఉబ్బి వానపాముల మూటలా ఉన్నాయి. చిన్న ఆపరేషన్. నెల తిరిగేసరికి సైకిలెక్కుతావు” అన్నాడు. యూరిన్, బ్లడ్ పరీక్షలు చేశారు. వెన్నులో ఇంజక్షన్ ఇచ్చి, గజ్జల్లో కోసి, సిరలు కట్టేశారు. ఎనిమిదో రోజున కుట్లు విప్పారు. కేస్ షీటులో “క్యూర్డ్” అని రాస్తుంటే నా కళ్ళతో చూశాను. సంతోషించాను కూడా.

ఉబ్బు నిజంగానే పోయింది. దాని స్థానంలో మంట వచ్చింది. మచ్చ దగ్గర మొదలై తొడ లోపలివైపు దిగేది. దగ్గితే, తుమ్మితే, మూడు మెట్లు ఎక్కితే కాల్చిన సూది గుచ్చినట్టు ఉండేది. పంచె అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. నా భార్యకు ఎట్లా చెప్పాలో తెలియక వసారాలోకి మంచం మార్చుకున్నాను. ఆమె అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టమైంది.

రెండుసార్లు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. మొదటిసారి “మానుతుంది” అన్నాడు. రెండోసారి మాత్రలిచ్చి, “ఎప్పుడెప్పుడు వస్తుందో రాసుకుని రా” అన్నాడు. అవి యుద్ధపు రోజులు. కాగితం దొరికేది కాదు. నా వార్తలే పాత కవర్లు విప్పి లోపలివైపు రాసి పంపేవాణ్ణి. మా ఇంట్లో కరువు లేనిది పలకలకే. అందుకని పెద్ద సైజు పలక ఒకటి తీసుకుని, మూడు నిలువు గళ్ళు గీసి, రోజుకొక సన్నని వరసలో రాశాను. ఏ పూట, ఏం చేస్తుండగా, ఎంతసేపు. పలక మీద రాసినది తుడిచిపోతుందని మార్కాపురంలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? అయినా, రాయమన్నవాడే తుడుస్తాడని నాకు తోచలేదు.

మా కార్ఖానాలో రాయి చీల్చే దావీదు మూడోసారి, ఆ పలక తీసుకువెళ్ళిన రోజున, నాకు తోడు వచ్చాడు. తిరుగు రైల్లో నా మీద విరుచుకుపడ్డాడు.

“అట్ల తుడుస్తాంటే చూస్తా కూచున్నావేందన్నా? ఊరందరి మీద రాస్తావు, ఆయప్పను ఒక్క మాట అనలేకపోయినావే!”

“ఏమనేది రా?”

“ఏమీ అనొద్దులే. పలక ఇట్ల ఇయ్యి. గుడ్డ తగలనీకు.”

ఇంటి దాకా దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చాడు. మర్నాడు ఉక్కు మేకుతో, డాక్టరు బలపం నడిచిన దారి తప్పకుండా, ఆ రెండు మాటలూ సంతకమూ రాతిలోకి చెక్కాడు. పొడి ఊదేసి నా చేతికిచ్చాడు. “ఇంక ఏ దూదితో తుడుస్తాడో తుడవమను.”

ఆ పలకను నా బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. రోజూ చూసేవాణ్ణి. మరిచిపోకూడదని.

ఆ రెండు మాటలు ఇంట్లోనూ పనిచేశాయి. “డాక్టరే లేదన్నాక నీకేం నొప్పిరా?” అన్నాడు నాయన. ఆయనది కోపం కాదు, నమ్మకం. ఒక దశలో నేనూ నమ్మాను. నొప్పి లేదని నాకు నేనే రుజువు చేసుకుందామని స్టేషనులో పలకల పెట్టెను బండి మీంచి నేనే దించాను. రెండో పెట్టెకు కింద పడ్డాను. అయిదు రోజులు లేవలేదు. ఆ అయిదు రోజులూ నాయన నా మంచం దగ్గరే కూర్చున్నాడు.

గిద్దలూరులో సైన్యం నుంచి వచ్చిన ఎల్.ఎం.పి. చదివిన డాక్టరు ఒకాయన కొత్తగా ప్రాక్టీసు పెట్టాడని విని, నాయనే తీసుకెళ్ళాడు. ఆయన నా కథంతా విన్నాడు. తర్వాత మచ్చ పొడవునా ఒక్క వేలి కొనతో నొక్కుతూ వచ్చాడు. ఒకచోట నేను అరిచాను.

“ఇంక చెప్పొద్దు, తెలిసినాది. గాయాలు మానినాక సిపాయిలు ఇట్లే అరిచేవాళ్ళు. మచ్చలో నెర్వ్ చిక్కుకొనుంటాది” అన్నాడు.

అక్కడే, మొద్దుబార్చే నోవొకెయిన్ ఇంజక్షన్ ఇచ్చాడు. కాసేపటికి మంట లేదు. గిద్దలూరు బజారులో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. దగ్గి చూశాను. మళ్ళీ దగ్గాను. నాయన వెనకాలే వస్తూ, “చాలు రా, మనుషులు చూస్తాండారు” అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఉన్నాను. మూడు గంటల తర్వాత నొప్పి తిరిగి వచ్చింది. కాని అది ఉందని నాయనకూ ఈ డాక్టరుకూ తెలిసింది.

“మచ్చ మళ్ళీ కోసి నెర్వ్ విడిపించొచ్చు. తగ్గొచ్చు, ముదరనూ వచ్చు. నా చేతికి అంత నేర్పు లేదు” అని ఉన్నదున్నట్టు చెప్పాడు. “పోస్ట్ ఆపరేటివ్ న్యూరాల్జియా”, అంటే ఆపరేషన్ తర్వాతి నరం నొప్పి అని, కాగితం మీద, సిరాతో రాసిచ్చాడు. వారానికొక ఇంజక్షన్, వృషణాలకు ఆసరాగా కట్టే సస్పెన్సరీ బ్యాండేజ్, వేడి కాపడం, సైకిలు మానేయడం. నాలుగు నెలలకు సగం తగ్గింది.

ఆ తర్వాతి ఏడాది, నా పలక తుడిచిన పెద్దాసుపత్రి డాక్టరు రిటైరై మార్కాపురం వస్తున్నాడని, సన్మానం చేస్తామని పట్టణ పెద్దలు చెప్పారు. మా ఊళ్ళో పెద్దమనుషులకు నున్నగా అరగదీసిన పలక మీద పేరు చెక్కించి, చట్రం వేసి ఇవ్వడం ఆనవాయితీ. ఆ పని మా కార్ఖానాకే వచ్చింది.

దావీదు నా వైపు చూశాడు. నేను బల్ల ఎదుటి పలక తీసి ఇచ్చాను. రాయనివైపు అరగదీసి, పూల తీగ అంచు చుట్టి, “వైద్య శిఖామణి” అని చెక్కాడు. చట్రానికి వెనక చెక్క వేయలేదు.

సభలో ఆయన పలక అందుకుని మెచ్చుకున్నాడు. బరువు చూశాడు. తిప్పాడు. అక్కడ తన సంతకం ఉంది. వేదిక మీద అందరూ చప్పట్లు కొడుతుండగా బొటనవేలు తడి చేసుకుని ఆ అక్షరాల మీద రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

నేను విలేఖరుల కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన చూశాడు.

“ఇంకా ఉందండీ” అన్నాను.

ఆయన ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసింది. నా వార్తలో వక్తలందరి మాటలూ రాసి, ఆఖర్న “డాక్టరు గారు కూడా మాట్లాడారు” అని రాశాను. వృత్తి ధర్మం తప్పానని కొందరు అనవచ్చు. నేను కాదనను, బాధపడను.

“పగ తీరినాదా?” అని ఆ రాత్రి భోజనం దగ్గర నాయన అడిగాడు.

“తీరింది నాయనా.”

“నొప్పి?”

అన్నం కలుపుకున్నాను.

ఇప్పుడు నడవగలను. గంటసేపు దూది దిండు మీద కూర్చుని రాయగలను. మంచం లోపలికి వచ్చింది. చలికాలంలో మంట తిరగబెడుతుంది. ఇటువంటి నొప్పి ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే: రోజువారీగా రాసుకోండి, కాగితం మీద, సిరాతో, రెండు ప్రతులు. ఒకటే డాక్టరుకు ఇవ్వండి. నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి.

కేస్ షీటు సరిదిద్దమని ఆసుపత్రికి మూడు అర్జీలు పెట్టాను. ఎల్.ఎం.పి. గారి కాగితం నకలు జతచేశాను. జవాబు రాలేదు. ఆ కేస్ షీటులో నేను ఇప్పటికీ “క్యూర్డ్”.