బెల్టు పెట్టుకున్న గంప

కొన్నేళ్ల కిందట ఓసారి ముత్తుకూరు నుంచి నెల్లూరుకు షేర్ కారులో వస్తున్నాను. నా పక్కన కూర్చున్నామె చేపలు అమ్ముతుంది. మూతకట్టిన తన గంప కోసం ముందు సీటుకు కూడా డబ్బులిచ్చింది, డిక్కీలో వెయ్యనివ్వలేదు. డ్రైవర్ విసుక్కుంటూనే గంపను తన పక్క సీట్లో పెట్టి బండి తీశాడు.

కాస్త దూరం వెళ్లగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. బెల్టు కట్టుకున్న మనిషి బొమ్మ అది. టింగు టింగుమని మోత కూడా మొదలైంది.

“ఏంది అబ్బయా అది?” అందామె.

“సీట్లో బరువుంటే మనిషి కూర్చున్నాడనుకుంటాది అక్కా. బెల్టు పెట్టేదాకా మోగతానే ఉంటాది.”

“నా గంపను మనిషనుకునిందా?”

డ్రైవర్ బండి పక్కకు ఆపి, గంప చుట్టూ బెల్టు లాగి బిగించాడు. మోత ఆగింది. ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“బస్సోళ్లు దీన్ని లగేజీ అంటారు,” అంది నాతో. “నా ముగ్గురు ఆడపిల్లల్ని చదివించిన గంప ఇది. ఈ బండి కనిపెట్టింది చూడు.”

నెల్లూరులో డ్రైవర్ని ఆగమని, బెల్టు తనే మెల్లగా విప్పింది.

ఇప్పుడు నాకూ కారుంది. ఆ ఎర్రబొమ్మ వెలిగినప్పుడల్లా నాకు మనిషి కనిపించడు, గంపే కనిపిస్తుంది.